ఆల్ప్స్ పచ్చిక: ఆవు మేయాలి, మనిషి తిప్పాలి

తెలుగు సినిమా పాటల్లో నాయికా నాయకుల వెనక పరుచుకుని కనిపించే స్విట్జర్లాండ్ పచ్చిక కొండలు ప్రకృతి తనంతట తాను ఇచ్చిన అందం అనుకుంటాం. చాలా మటుకు కాదు. ఆల్ప్స్ ఉత్తర భాగంలో 1,800 నుంచి 2,000 మీటర్ల దాకా, వాలే, ఎంగడీన్ లాంటి లోపలి లోయల్లో 2,200 మీటర్లు దాటాక కూడా చెట్టు పెరగగలదు. ఆ ఎత్తుకు కింద మనకు కనిపించే పచ్చికంతా దాదాపుగా ఒకప్పుడు అడవి నరికి చేసిందే. వందల ఏళ్ళుగా ఏటా మేపుతూ, కోస్తూ, రాళ్ళు ఏరుతూ, మొలిచిన చెట్టల్లా పీకుతూ నిలబెట్టుకొచ్చిందే. పదేళ్ళు వదిలేస్తే పొదలు లేస్తాయి. ఇంకో ముప్పై ఏళ్ళు వదిలేస్తే అడవి.

ఈ పచ్చిక ఎందుకు పాడవుతోందని అడిగితే కొందరు అతిగా మేపారంటారు, కొందరు మేపడం మానేశారంటారు. నిజానికి ఒకే కొండ మీద, ఒకే వేసవిలో, రెండూ పక్కపక్కనే జరుగుతుంటాయి. పాల గుడిసె చుట్టూ నేల తొక్కుడుపడి, పేడ పేరుకుని, పనికిరాని మొక్కలు మోకాలెత్తు లేస్తాయి. అక్కడికి అరగంట నడకలో ఉన్న వాలు మీద గడ్డి ఎవరూ ముట్టక ముదిరి, మధ్యలో పొదలెక్కుతుంది. లెక్కలో చూస్తే పశువుల సంఖ్య సరిగ్గానే ఉంటుంది. వాటిని అటూ ఇటూ తిప్పే మనిషి తగ్గిపోయాడు. ఈ పచ్చిక సంరక్షణలో ఏ పని చూసినా చివరికి ఈ సంగతి దగ్గరికే వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

వేసవిలో మాత్రమే మేపే ఎత్తైన కొండ భూమిని అక్కడ ఆల్ప్ అంటారు. ఇలాంటి భూములు స్విట్జర్లాండ్ విస్తీర్ణంలో పదో వంతుకు పైనే. ఆరున్నర వేలకు పైగా ఆల్ప్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈ వేసవి మేపు సంప్రదాయాన్ని 2023 డిసెంబరులో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్తింపు సంతోషమే, కానీ జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన వాలు మీద పాకే ఆల్డర్ అనే పొద ఆగదు.

మేపు నడిచే తీరు ఇది. ఎత్తు వంద మీటర్లు పెరిగితే వేడి సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది, గడ్డి పెరిగే కాలం దాదాపు వారం కుదించుకుపోతుంది. అందుకే లేత గడ్డి కింద నుంచి పైకి అంచెలంచెలుగా వస్తుంది, మంద దాని వెంటే ఎక్కుతుంది. మే నెలలో ఊరికి కాస్త పైనున్న మెట్టు (మాయెన్‌సెస్), జూన్‌లో నడిమి మెట్టు, జూలై, ఆగస్టుల్లో 2,000 మీటర్ల పైన ఉండే చివరి మెట్టు. ఆగస్టు చివరి నుంచి అదే దారిన వెనక్కి, కింద మళ్ళీ చిగిర్చిన గడ్డి మేసుకుంటూ దిగుతాయి. ఆవులు పైన ఉన్న ఆ మూడు నెలల్లో ఊళ్ళో గడ్డి కోసి, ఎండబెట్టి, శీతాకాలానికి దాచుకుంటారు. పైన మేత, కింద కోత అనే ఈ జోడు మీదే మొత్తం వ్యవసాయం నిలిచి ఉంది.

ఎన్ని పశువులు

వాలే రాష్ట్రంలో ట్యోర్బెల్ అనే ఊరుంది. శీతాకాలమంతా ఎవరు ఎన్ని ఆవుల్ని సొంత గడ్డితో మేపగలరో, వేసవిలో ఉమ్మడి ఆల్ప్ మీదికి అన్నే తోలాలని ఆ ఊరివాళ్ళు 1517లోనే రాసుకున్నారు. నాకు తెలిసినంతలో ఉమ్మడి భూమిని కాపాడడానికి ఇంత తేలిగ్గా అమలయ్యే నియమం ఇంకొకటి లేదు. ఎవరి కొట్టంలో ఎంత గడ్డి ఉందో ఊరందరికీ తెలుసు కాబట్టి అబద్ధమాడడానికి వీల్లేదు. వేసవికి బయటి నుంచి ఆవులు కొనితెచ్చి ఉమ్మడి పచ్చిక మీద బలిపించి అమ్ముకునే దారి కూడా అక్కడితో మూసుకుపోతుంది.

ఇప్పటి ప్రభుత్వ లెక్కకు కొలమానం నార్మల్‌ష్టోస్. పూర్తి పశు ప్రమాణమున్న ఒక పశువు వంద రోజులు మేస్తే ఒక నార్మల్‌ష్టోస్. పాడి ఆవుకు ప్రమాణం 1.0, ఏడాది నుంచి రెండేళ్ళ పెయ్యకు 0.4, రెండేళ్ళు దాటి ఇంకా ఈనని పడ్డకు 0.6, ఏడాది దాటిన గొర్రెకు, మేకకు 0.17. ముప్పై పాడి ఆవులు 90 రోజులుంటే 27. ఏడాది దాటిన ఇరవై పెయ్యలు 100 రోజులుంటే 8. అరవై గొర్రెలు 100 రోజులుంటే 10.2. మొత్తం 45.2 నార్మల్‌ష్టోస్. ప్రతి ఆల్ప్‌కూ ఇంతని ఒక అంకె ఖాయం చేసి, ఆ మేరకు ప్రభుత్వం సొమ్ము ఇస్తుంది. ఆ అంకెలో 110 శాతం దాటినా, 75 శాతం కన్నా తగ్గినా సొమ్ములో కోత పడుతుంది. తక్కువ మేపినా కోత పెట్టడం ఇందులో గమనించాల్సిన విషయం.

ఖాయం చేసిన అంకె ఉన్నా సొంతంగా లెక్క వేసుకోవడం మంచిది. ఉదాహరణకు ఒక వాలు మీద హెక్టారుకు 1,500 కిలోల ఎండు మేత పుడుతుందని అనుకుందాం. తొక్కుడుకి, పేడ పడిన చోట వదిలేసేదానికి, మంచు పడి చెడిపోయేదానికి సగం తీసేస్తే 750 కిలోలు మిగులుతుంది. ఆవుకు రోజుకు 15 కిలోలు చొప్పున అది ఒక ఆవుకు 50 రోజుల మేత. ముప్పై ఆవులకు 90 రోజులంటే 2,700 ఆవు రోజులు, అంటే 54 హెక్టార్లు కావాలి. నిండా గడ్డి కనిపిస్తోందని సగం తీసెయ్యకుండా లెక్కవేసినవాళ్ళు ఆగస్టు రెండో వారానికి ఇబ్బంది పడతారు.

రోజువారీ తిప్పుడు

ఆవుకు వదిలేస్తే ఏం చేస్తుంది? చదునైన చోట, నీళ్ళకు దగ్గరగా, గుడిసె కనిపించేంత దూరంలో మేస్తుంది. రాత్రి అక్కడే పడుకుంటుంది. వాలు మీద మేసింది తెచ్చి చదును మీద పేడ వేస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే వాలులోని సారమంతా చదునుకు చేరుతుంది. వాలు బక్కచిక్కుతుంది, చదును మీద సారం ఎక్కువై విషమవుతుంది. దీన్ని ఆపడానికి ఉన్న పనిముట్లు నాలుగే: కంచె, నీళ్ళు, ఉప్పు, కాపరి నడక.

మేత భూమిని కరెంటు తీగతో మడులుగా విడగొట్టి వంతులవారీగా మేపుతారు. గడ్డి బెత్తెడు లేచీ లేవగానే మందను దించాలి, రెండు వేళ్ళ ఎత్తు మిగలగానే తీసెయ్యాలి. మొదటి మడిలోకి దించడంలో ఆలస్యం చెయ్యడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మొదటి మడిలో గడ్డి నిండుగా పెరిగేదాకా ఆగితే చివరి మడికి చేరేసరికి అక్కడ అంతా గింజకట్టి ముదిరి ఉంటుంది. ఆవు దాన్ని తొక్కి పారేస్తుంది తప్ప తినదు.

ఆవులకు ఒక్క తీగ చాలు, 70–80 సెంటీమీటర్ల ఎత్తులో. గొర్రెలకు 90 సెంటీమీటర్ల వల కావాలి. సోలార్ పెట్టె ఎంత గొప్పదైనా తడి గడ్డి తీగకు తగులుతుంటే కరెంటు నేలలోకి పోతుంది. అందుకే తీగ కింద గడ్డి కోసి ఉంచాలి, రోజూ మీటరుతో చూసుకోవాలి. మడి మారగానే గొర్రెల వలను ఎత్తెయ్యాలి. నిలబెట్టి వదిలేస్తే జింకలూ, ఐబెక్స్ అనే కొండమేకలూ కొమ్ములు చిక్కుకుని చస్తాయి.

నీళ్ళ దగ్గర లెక్క తప్పితే కంచె ఎంత బాగున్నా ఉపయోగం లేదు. పాడి ఆవు రోజుకు 60 నుంచి 100 లీటర్లు తాగుతుంది. ముప్పై ఆవులకు రెండు, మూడు వేల లీటర్లు. నిమిషానికి రెండు లీటర్లు ఇచ్చే ఊట రోజుకు 2,880 లీటర్లు ఇస్తుంది కాబట్టి సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆవులు తలా ఒక వేళకు రావు, మందంతా ఒకేసారి తొట్టి మీద పడుతుంది. రాత్రి పారే నీరు నిలవ ఉండడానికి ట్యాంకు లేకపోతే వెనకున్న బలహీనమైన ఆవులకు దక్కేది బురదే. ఊటను కంచె వేసి కాపాడి, గొట్టంతో తొట్టికి తెచ్చి, నిండగానే మూసుకునే వాల్వు పెట్టి, పొర్లే నీటిని దూరంగా వదలాలి. తొట్టి చుట్టూ రెండు, మూడు మీటర్లు రాళ్ళు పరవాలి. తొట్టిని పెట్టాల్సిన చోటు మంద వెళ్ళడానికి ఇష్టపడని వైపు. ఉప్పు దిమ్మ కూడా అంతే, నీటికి దూరంగా, మేత మిగిలిపోయే వాలు దగ్గర, రాతి చదును మీద. నీళ్ళూ ఉప్పూ ఒకే చోట పెట్టారంటే మంద అక్కడి నుంచి కదలదు.

ఇక రాత్రి. మన దగ్గర ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద కట్టి, కొన్ని రాత్రులకొకసారి చోటు మార్చినట్టే, ఇక్కడ పెయ్యల్ని, గొర్రెల్ని సారం తగ్గిన వాలుకు దగ్గరగా తాత్కాలిక దొడ్డిలో పడుకోబెట్టి, ఆ దొడ్డిని జరుపుతూ పోవాలి. పాడి ఆవులు పాలకు గుడిసె దగ్గరికి రాక తప్పదు. అక్కడ పోగైన పేడను ఎండు రోజులు చూసి దూరపు మడులకు మోసి పలచగా చల్లాలి. ఆల్ప్ మీద రసాయన నత్రజని వెయ్యకూడదని నియమం ఉంది, కింది ఊరి నుంచి పేడనీళ్ళు కూడా తేకూడదు. బయటి మేతకూ హద్దుంది. వాతావరణం చెడిన రోజులకు నార్మల్‌ష్టోస్‌కు 50 కిలోల ఎండుగడ్డి, పాలిచ్చే ఆవులకు అదనంగా వేసవి మొత్తానికి 100 కిలోల ఎండుగడ్డి, 100 కిలోల దాణా. అంతకు మించి పెడితే కింది పొలం సారం పైకెక్కి, సన్నని నేలలో బతికే పూల మొక్కల్ని గడ్డి మింగేస్తుంది.

జూలైలో కూడా 2,000 మీటర్ల పైన ఒక్క రాత్రిలో మంచు పడొచ్చు. అందుకని కింద ఒక మడిని ముట్టకుండా ఆపద్ధర్మంగా ఉంచుకోవాలి. మంచుకు తప్పించుకుని మందను కింది పచ్చిక మీదికో అడవిలోకో తోలుకునే హక్కు పాత ఊరి ఒప్పందాల్లో చాలా చోట్ల రాసి ఉండేది. వరసగా వానలు పడినప్పుడు నిట్ట వాలు మీదికి ఆరు వందల కిలోల ఆవును తోలకూడదు. గిట్ట దిగిన చోట పచ్చిక పొర చీలుతుంది, తర్వాతి వాన ఆ చీలికలోంచి మట్టిని తీసుకుపోతుంది. ఆ వాలులకు తేలికపాటి పెయ్యలు, లేదా ఎవోలెన్, హైలాండ్ లాంటి చిన్న, గట్టి జాతులు తగినవి. అవి గరుకు మేత కూడా మారాం చెయ్యకుండా తింటాయి.

ఆవు ముట్టని మొక్కలు

నాలుగు మొక్కల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక ఆల్ప్‌ను చూడగానే అక్కడ తిప్పుడు ఎలా ఉందో ఇవే చెప్పేస్తాయి.

గుడిసె చుట్టూ, పశువులు పడుకునే చోట వెడల్పాటి ఆకులతో గుంపుగా లేచేది రూమెక్స్ ఆల్పైనస్. మన చుక్కకూర జాతిదే. పేడ సారం ఎక్కడ పోగైతే అక్కడ వస్తుంది. పాత రోజుల్లో దాన్ని కోసి, ఉడికించి, గుంటల్లో నిలవ చేసి పందులకు పెట్టేవాళ్ళు కాబట్టి అదుపులో ఉండేది. ఇప్పుడు ఎవరూ కొయ్యరు. దుంప వేరు నేలకు పైపైనే అడ్డంగా పాకుతుంది, గడ్డపారతోనో పంగల పారతోనో లేపితే వస్తుంది. అయితే పీకాక ఖాళీ నేలను అలా వదిలేస్తే పని మొత్తం వృథా. మట్టిలో పడి ఉన్న గింజలు పదేళ్ళకు పైగా బతుకుతాయి, వెలుతురు తగలగానే వందల మొలకలు లేస్తాయి. పీకిన రోజే ఆ ఎత్తుకు తగిన గడ్డి విత్తనం చల్లి, మందను కొన్నాళ్ళు రానివ్వకూడదు. పీకడం కుదరకపోతే గింజ కట్టకముందే ఏడాదికి రెండు, మూడుసార్లు కోసి, కోసిన ఆకును అక్కడి నుంచి మోసెయ్యాలి. అన్నిటికన్నా ముందు పేడ పోగుపడడం ఆగాలి.

తెల్ల వెరాట్రమ్ విషం. ఆవులు దాన్ని వదిలి చుట్టూ గడ్డి తినేస్తాయి, అది రాజాలా నిలబడుతుంది. ఎండినా విషం పోదు, అందుకని ఎండుగడ్డిలో కలవడం మరీ ప్రమాదం. పూలు రాకముందు మొక్కను చూసి పసుపు జెన్షియన్ అని పొరబడేవాళ్ళు చాలామంది. ఆకుల్ని చూడాలి. జెన్షియన్‌కు ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. వెరాట్రమ్‌కు ఒక్కో ఆకు ఒక్కో వైపు, మెలికలుగా, అడుగున సన్నని నూగుతో, నిలువు మడతలతో ఉంటుంది. జెన్షియన్‌ను ఉంచాలి, వెరాట్రమ్‌ను చేతి తొడుగులు వేసుకుని, జూన్ చివర్లో కాండం లేచాక, పూత రాకముందు కొయ్యాలి. ఒక్క ఏడాదితో పోదు. వేరులో దాచుకున్నది అయిపోయేదాకా వరసగా కొన్నేళ్ళు కొయ్యాల్సిందే.

పసుపు పూల సెనేసియో ఆల్పైనస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పైగా నెమ్మదిగా. ఇవాళ తిన్న విషం వచ్చే ఏడు బయటపడుతుంది కాబట్టి రైతు దీన్ని మొక్కతో ముడిపెట్టుకోడు. తొక్కుడుపడి సారమెక్కిన నేల అంచుల్లో మొదలవుతుంది. చిన్న గుంపుగా ఉన్నప్పుడే పీకి, సంచిలో వేసి తీసుకుపోవాలి. ఆల్ప్ మీద కలుపు మందును ఒక్కో మొక్కకు పుయ్యడానికే అనుమతి, నేలంతా కొట్టడానికి ప్రత్యేక అనుమతి కావాలి. అది సరైన నియమమే.

నాలుగోది గడ్డే, నార్డస్ స్ట్రిక్టా. ఆమ్లం ఎక్కువున్న పుల్ల నేలలో, పలచని సారంలో పెరుగుతుంది. లేతగా ఉన్న కొద్ది వారాలే ఆవు తింటుంది, తర్వాత అది సూదుల మాదిరి బిరుసెక్కుతుంది. మెత్తటి గడ్డిని ఏరుకుని తిని దీన్ని వదిలేస్తే ఏటికేడు ఇదే పరుచుకుంటుంది. మందు లేదు, ఎరువు లేదు. చిన్న మడి కట్టి, ఎక్కువ పశువుల్ని, తొందరగా, కొద్ది రోజులే దించాలి. ఏరుకునే తీరిక లేకపోతే అన్నీ తింటాయి. అలాగని నార్డస్ పచ్చికను పూర్తిగా తొలగించాలనుకోవద్దు. సరిగ్గా మేపిన నార్డస్ వాలు మీద ఆర్నికా, నీలి జెన్షియన్లు లాంటి పూలు ఉంటాయి. మొక్కల రకాలు నిండుగా ఉన్న మేత వాలుకు ప్రభుత్వం హెక్టారుకు 150 ఫ్రాంకులు అదనంగా ఇస్తుంది.

పొదలు, అడవి, చట్టం

ఉత్తరం వైపు తిరిగిన తడి వాలుల మీద గ్రీన్ ఆల్డర్ పాకుతోంది. మనిషెత్తు దాటి పెరిగే పొద. మంచు బరువుకు వంగుతుంది తప్ప విరగదు. వేరు బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చెట్టు రావడం మంచిదేగా అనేవాళ్ళకు ఇదే జవాబు: ఈ పొద కింద నత్రజని ఎక్కువై నేల పులుస్తుంది, నైట్రేట్ వాగుల్లోకి దిగుతుంది, పచ్చికలో ఉండే డజన్ల రకాల పూల బదులు పొడుగు కలుపు నాలుగైదు రకాలు మిగులుతాయి. పొద చిక్కబడితే నిజమైన అడవి చెట్లు కూడా అందులో మొలవలేవు.

ఆల్డర్‌ను నరికి వదిలితే మొదలు నుంచి మళ్ళీ పది కొమ్మలు వేస్తుంది. కాబట్టి రంపం ఒక్కటే చాలదు, వెనకే నోరు రావాలి. మేకలు చిగురు తింటాయి. ఎంగడీన్ గొర్రెలు అంతకన్నా మేలు, అవి బెరడు ఒలిచి తింటాయి, బెరడు పోయిన కొమ్మ ఎండిపోతుంది. ఒకప్పుడు అంతరించే దశకు వచ్చిన ఈ జాతిని 1980లలో ప్రోస్పెసీరారా సంస్థ నిలబెట్టింది. పొదలోకి దారులు నరికి, లోపల ఉప్పు పెట్టి, మందను వల కంచెలో కొన్ని వారాలు ఉంచాలి. ఇది వరసగా కొన్ని వేసవులు జరగాలి.

స్ప్రూస్ మొలకల పని సులువు, కానీ కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియాలి. అన్నిటికన్నా కిందనున్న పచ్చ కొమ్మకు కింద కొయ్యాలి. ఒక్క పచ్చ కొమ్మ మిగిలినా అది పైకి తిరిగి కొత్త చెట్టవుతుంది. మోకాలెత్తున్నప్పుడు ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రానికి వందలు కొయ్యగలడు, తలెత్తు దాటాక ఆ పని రంపాలది, కొమ్మల మోతది.

ఆలస్యానికి చట్టం కూడా శిక్ష వేస్తుంది. 1991 స్విస్ అటవీ చట్టం అడవిని గట్టిగా కాపాడుతుంది. రాష్ట్రాన్ని బట్టి పది నుంచి ఇరవై ఏళ్ళు చెట్లు పెరిగిన నేల చట్టం దృష్టిలో అడవే. ఆ తర్వాత కొట్టాలంటే అనుమతి కావాలి, అది అంత తేలిక కాదు. మనిషి దొరక్క ఒక మూల వదిలేసిన కుటుంబం ఒక తరం లోపే ఆ మూలను శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. మధ్యలో ఇంకో ప్రమాదం ఉంది. నిట్ట వాలు మీద మేపకుండా, కొయ్యకుండా వదిలిన పొడుగు గడ్డి శీతాకాలంలో పడుకుంటుంది. దాని మీద మంచు జారుతూ గడ్డి కుదుళ్ళను, పచ్చిక పొరను లాగేస్తుంది, కింద మట్టి బయటపడుతుంది. ఆ గాయం ఏటేటా పెద్దదవుతుంది.

మేపు ఆపితే ఏమవుతుందన్న వాదన మన దేశంలోనూ ఉంది. ఉత్తరాఖండ్‌లో పూల లోయను 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించి మేపు నిలిపేశారు. ఆ తర్వాత పాలీగోనమ్ పాలీస్టాకియమ్ అనే పొడుగు మొక్క విస్తరించి చిన్న పూల మొక్కల్ని కప్పేసింది. అటవీ శాఖ మనుషుల్ని పెట్టి దాన్ని పీకించాల్సి వస్తోంది. మేపు ఆపడం ఒక్కటే కారణమా, కొండచరియలు విరిగిన నేల కూడా కారణమా అన్న చర్చ ఉంది. కానీ ఇలాంటి నేలను చుట్టూ కంచె వేసి వదిలితే చాలనే ఆలోచన మాత్రం అక్కడ నిలబడలేదు.

గొర్రెలు, తోడేళ్ళు, బాటసారులు

గొర్రె ఎత్తుకు వెళ్ళడానికి ఇష్టపడుతుంది. కాపరి లేకుండా వదిలిన మంద శిఖరాల కింద మంచు ఇప్పుడే కరిగిన చోటికి చేరి, అక్కడి పలచని మొక్కల్ని మొదలంటా కొరికేస్తుంది, కింద మంచి గడ్డి ముదిరిపోతుంది. అందుకే నియమాలు స్పష్టంగా ఉన్నాయి: మంచు కరిగిన 20 రోజుల తర్వాతే మేపాలి, ఒక మడిలో రెండు వారాలకు మించి ఉంచకూడదు, నాలుగు వారాలు దాటాకే మళ్ళీ రానివ్వాలి. కాపరీ కుక్కలూ ఉండి రోజూ తిప్పే మందకు ప్రభుత్వ సొమ్ము ఎక్కువ, వదిలేసిన మందకు తక్కువ. 1995లో తోడేలు స్విట్జర్లాండ్‌కు తిరిగొచ్చాక కాపరి అవసరం ఇంకా పెరిగింది. చిన్న మందలున్న ఆల్ప్‌లు ఆ ఖర్చు మొయ్యలేక మూతపడుతున్నాయి, ఆ వాలులన్నీ పొదలకే.

జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఉంటూ సెలవుల్లో కొండలెక్కే తెలుగువాళ్ళకు ఒక మాట. మందను కాపలా కాసే తెల్లటి పెద్ద కుక్క మొరుగుతూ వస్తే పరుగెత్తకండి. ఆగి, నెమ్మదిగా మాట్లాడుతూ, మందను చుట్టి దూరంగా వెళ్ళండి. దూడ ఉన్న ఆవుల మధ్యలోంచి నడవకండి, ఫొటో కోసం దూడను ముట్టుకోకండి. మీరు తెరిచిన కంచె తలుపు మీరే వెయ్యండి. ఒక్క తలుపు తెరిచి ఉంటే కాపరి వారం రోజుల మడి ప్రణాళిక ఒక పూటలో పోతుంది.

సొమ్ము, చీజ్, చేతులు

పాలను ఎత్తు నుంచి రోజూ దించలేరు కాబట్టి అక్కడే చీజ్ చేస్తారు. పది లీటర్లకు ఒక కిలో. సాయంత్రం పాలు వెడల్పు పాత్రల్లో నిలిపి మీగడ కొంత తీసి, పొద్దున పాలతో రాగి కళాయిలో కలుపుతారు. 32 డిగ్రీల దగ్గర తోడు, పాలను గడ్డకట్టించే రెన్నెట్ వేసి, అరగంటకు పైగా కదల్చకుండా ఉంచుతారు. గట్టిపడ్డాక తీగల చట్రంతో గోధుమ గింజంత ముక్కలు చేసి, కలియబెడుతూ మళ్ళీ వేడి చేస్తారు. అచ్చులో నొక్కి, ఉప్పు నీటిలో ముంచి, చల్లని గదిలో నెలల తరబడి తిప్పుతూ తుడుస్తారు. వో రాష్ట్రంలో లెతివా చీజ్ చేసే కుటుంబాలు 1932లో సహకార సంఘం పెట్టుకున్నాయి. మే 10 నుంచి అక్టోబరు 10 దాకా, కట్టెల మంట మీద, ఆల్ప్ పాలతో చేసిందే ఆ పేరుకు అర్హం. ఆ నియమం వల్లే దానికి ధర వస్తోంది, ఆ ధర వల్లే ఆవులు ఇంకా పైకెక్కుతున్నాయి. మామూలు పాల ధరకు ఎవరూ ఎక్కరు.

1996లో ప్రజల ఓటుతో రాజ్యాంగంలో చేరి, ఇప్పుడు 104వ అధికరణంగా ఉన్న నియమం, సాగుచేసిన ప్రకృతి దృశ్యాన్ని నిలబెట్టడం వ్యవసాయం బాధ్యతల్లో ఒకటని చెప్పింది. సొమ్ము ఇవ్వడానికి ఆధారం అదే. కానీ ఆ సొమ్ము ఎక్కువగా పశువు తల లెక్కన వస్తుంది. మొక్కలు పీకే రోజుకూలీ, తొట్టి జరిపే శ్రమ అందులో అంతగా కనిపించవు. నా అభిప్రాయంలో ఇక్కడే మార్పు రావాలి. పాత ఊరి సంఘాల్లో ఆల్ప్ మీద హక్కున్న ప్రతి ఇల్లూ, ఆవుకు ఇన్ని చొప్పున, వసంతంలో పని రోజులు ఇచ్చేది: హిమపాతం తెచ్చిన రాళ్ళు ఏరడం, కంచె కట్టడం, కాలవలు తియ్యడం, పొదలు కొట్టడం. ఆ పద్ధతి ఉన్న ఆల్ప్‌లు ఈనాటికీ శుభ్రంగా ఉన్నాయి. కుటుంబాలు పట్నాలకు పోయిన చోట స్వచ్ఛంద సేవకులు వచ్చి పనిచేస్తున్నారు. వాళ్ళ పని మంచిదే, కానీ ఏడాదిలో ఒక వారం వచ్చేవాళ్ళను ఆ వారంలో ఏ మూలకు పంపాలో చెప్పగలిగే మనిషి కొండ మీద ఉండాలి.

ఎక్కే ముందు చేసే పనులూ ఉన్నాయి. కొన్ని కొండల మట్టిలో జబ్బవాపు క్రిమి ఉంటుంది, అక్కడికి తోలే పెయ్యలకు ముందుగానే టీకా వేయించాలి. గిట్టలు చెక్కించాలి. మందకు కరెంటు తీగ అలవాటు లేకపోతే కిందే వారం రోజులు నేర్పాలి. 2018 కరువులో సైన్యం హెలికాప్టర్లతో ఆల్ప్‌లకు నీళ్ళు మోసింది. నిలవ ట్యాంకు లేని ఆల్ప్ తీసుకునే ముందు అది గుర్తుంచుకోవాలి.

దిగేటప్పుడు తీగలు చుట్టి, గుంజలు పడుకోబెట్టి, గొట్టాల్లోని నీరంతా ఖాళీ చెయ్యాలి. లేకపోతే మంచు బరువుకు గుంజలు విరుగుతాయి, గడ్డకట్టిన నీటికి గొట్టాలు పగులుతాయి. మిగిలిన పేడ చల్లెయ్యాలి. ఒక నోటు పుస్తకంలో ఏ మడిలో ఏ తేదీన ఎన్ని పశువులు దిగాయి, ఎప్పుడు తీశారు, ఎక్కడ మేత మిగిలింది, వెరాట్రమ్ ఎక్కడిదాకా కోశారు, ఏ ఊట ఏ వారంలో సన్నబడింది అన్నీ రాసి గుడిసెలోనే ఉంచాలి. కాపరులు తరచూ మారుతుంటారు. వచ్చే జూన్‌లో కొత్తగా ఎక్కేవాళ్ళు మొదటి మడి ఎటు తెరవాలో ఆ పుస్తకం చూసే తేల్చుకుంటారు.